పిట్టలతో రాజకీయం రాయడం ఎలా: మా పర్లాకిమిడి వైపు పద్ధతి

పిట్టల ఫాంటసీ రాద్దామని కూర్చున్నవాళ్లలో చాలామంది ఏం చేస్తారంటే కాకికి ఒక పార్టీ కండువా, గుడ్లగూబకి ఇంకో కండువా కప్పేసి ఇద్దరిచేతా అసెంబ్లీలో తిట్టించేస్తారు. నేనూ మొదట్లో అదే చేశాను. మా వీధిలో ఒకాయన చదివి "ఇది మన ఫలానా వాడే కదేటి" అన్నాడు, ఇక కథ గురించి ఎవరూ మాట్లాడలేదు, ఆ ఫలానా ఆయన మాత్రం ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు.

తర్వాత తెలిసిన కిటుకు ఏంటంటే, పిట్ట మీద మనవాళ్లకి ఉన్న నమ్మకాన్ని తీసుకెళ్లి ఆ పిట్టల దేశంలో చట్టం చేసెయ్యాలి, మీరు ఎక్కడా నవ్వకూడదు, ఆఫీసులో జీవో రాసినట్టు సీరియస్‌గా రాసుకుంటూ పోవాలి.

తీతువుపిట్టనే తీసుకోండి. రాత్రిపూట అది మా పెంకుటింటి మీదుగా అరుచుకుంటూ పోతే మా అమ్మమ్మ మంచం మీద లేచి కూర్చుని "ఓలమ్మో, ఎవుడింటి మీదకొచ్చినాదో, పో పో" అని పొయ్యిలో చిటికెడు ఉప్పు వేసొచ్చేది. అదే అమ్మమ్మ ఇంకోటి కూడా చెప్పేది, తీతువు కాళ్లు పైకెత్తి వెల్లకిలా పడుకుంటుందట, ఆకాశం తన మీద పడిపోకుండా ఆపుతున్నాననుకుంటుందట. నిజానికి అది పొలం గట్ల పక్కన నేల మీదే గుడ్లు పెట్టుకునే మామూలు పిట్ట. సరే, ఇప్పుడు దీన్ని చట్టం చేద్దాం. ఆ దేశంలో ఆకాశ రక్షణ శాఖ అని ఒకటుంది, దాని చీఫ్ ఇంజనీరు తీతువు, ఆకాశం ఇప్పటిదాకా పడలేదు కాబట్టి శాఖ బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టే లెక్క, ఏటా కాళ్ల మెయింటెనెన్స్‌కి బడ్జెట్ పెరుగుతుంది, ఆయన రెండు కాళ్లకి రెండు జీతాలు. ఒకరోజు మీటింగులో ఒక పిచ్చుక పిల్ల లేచి "మరి పగలు మీరు నిలబడే ఉంటారు కదండీ, అప్పుడెవరు పట్టుకుంటున్నారు?" అంటుంది. దాని మీద దేశద్రోహం కేసు. ఇందులో ఎవరి పేరూ లేదు చూడండి, కానీ చదివినవాడికి ఏదో ఒక ఆఫీసు గుర్తురాకుండా ఉండదు.

ఎక్కువ కష్టపడక్కర్లేదు కూడా, సగం సరుకు మనకి రెడీగా దొరుకుతుంది. దసరా రోజు పాలపిట్ట కనపడితే మంచిదంటాం కదా. ఒడిశాకీ తెలంగాణకీ కర్ణాటకకీ రాష్ట్రపక్షి అదే, ఆంధ్రాకి కూడా అదే ఉండేది, 2018లో తీసేసి రామచిలుకని పెట్టారు. అంటే ఒడిశాలో ఉన్న మా వైపు నుంచి ఒక పాలపిట్ట ఆంధ్రాలోని పాతపట్నం వైపు ఎగిరిందంటే మధ్యలో ఎక్కడో దానికి రిటైర్మెంట్ అయిపోతుందన్నమాట. పెన్షన్ ఏ రాష్ట్రం ఇవ్వాలి? దీని మీదే ఒక చాప్టర్ వచ్చేస్తుంది. దసరాకి దర్శనం కోసం దాన్ని బోనులో పెట్టి చూపించి డబ్బులు అడిగేవాళ్లు కూడా ఉన్నారు, మీ కథలో ఆ బోను మంత్రిగారి ఇంట్లో ఉంచండి చాలు, ఊరి అదృష్టం అంతా ఆయన టైమ్ టేబుల్ ప్రకారం నడుస్తుంది.

బోర్డర్ కావాలంటే ఊహించక్కర్లేదు, కొరాపుట్ జిల్లాలో కొటియా ఊళ్లు చూడండి, 21 గ్రామాలు, ఒడిశా, ఆంధ్రా రెండూ మావే అంటాయి, 1968లోనే సుప్రీంకోర్టుకెక్కినా ఇప్పటికీ తేలలేదు, పథకాలు ఇటునుంచీ వస్తాయి అటునుంచీ వస్తాయి. ఒక మర్రిచెట్టుకి ఇద్దరు రాజులని పెట్టి, ప్రతి గూటికీ రెండు రేషన్ కార్డులు ఇచ్చి, నీళ్లు మాత్రం ఏ రాజూ పొయ్యడని రాయండి. అతిశయోక్తి అనిపిస్తే ఇంకొంచెం తగ్గించి రాయండి, ఎందుకంటే ఫాంటసీలో అబద్ధం తక్కువైనకొద్దీ దెబ్బ గట్టిగా తగులుతుంది (ఇది నా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్లు మా ఫ్రెండ్స్‌లోనే ఉన్నారు).

ఎన్నికల సీను రాసేటప్పుడు పంచతంత్రం ఒకసారి తిరగేయండి. పక్షులన్నీ కలిసి గుడ్లగూబకి పట్టాభిషేకం మొదలుపెడితే కాకి వచ్చి, కోపం లేనప్పుడే మొహం ఇలా ఉంటే కోపం వస్తే ఎలా ఉంటుందో అని మొత్తం చెడగొడుతుంది. అందరూ ఇక్కడ కాకిని హీరో చేసేస్తారు, అది పొరపాటు. కాకి గూట్లో కోయిల గుడ్డు పెట్టి పోతుంది కదా, ఊరందరి మొహాలకీ వంకలు పెట్టే ఈ కాకికి తన గూట్లో ఎవరి పిల్ల పెరుగుతోందో తెలీదు. పార్టీ మారే ఎమ్మెల్యేకి ఆ కోయిల పిల్లకంటే మంచి పిట్ట లేదు, గొంతు మారేదాకా మనవాడే.

భాష దగ్గర మనకో అదృష్టం ఉంది, రెండు భాషలు. కాకిని ఒడియాలో కాఉ అంటారు, వినడానికి కావు లాగే ఉంటుంది, మనకి కావు అంటే కానివి అని, కాపాడు అని కూడా. నా కథలో ప్రతిపక్ష కాకి ప్రతి బిల్లుకీ లేచి "కావు" అంటుంది. ఒడియా పిట్టలు పేరు చెప్పుకుంటున్నాడనుకుంటాయి, తెలుగు పిట్టల్లో సగం వద్దంటున్నాడనుకుంటాయి, మిగతా సగం కాపాడమని ఏడుస్తున్నాడనుకుంటాయి, స్పీకరు గుడ్లగూబకి పగలు కళ్లు కనపడవు కాబట్టి బిల్లు పాసయిందని చదివేస్తాడు. ఇలాంటిది ఒక్కటి దొరికితే చాలు, పేజీకి నాలుగు జోకులు ఇరికించకండి, నేను ఇరికించి చూశాను, ఎవరూ నవ్వలేదు.

రాయడం అయ్యాక పేపరు అస్సలు చదవని ఒక మనిషిని పట్టుకుని వినిపించండి, పిల్లలైతే ఇంకా మంచిది. పిట్ట కథగానే విని నవ్వినచోట ముట్టుకోకండి. "ఇతనెవరు, నిజంగా ఉన్నాడా?" అని ఎక్కడ అడిగితే అక్కడ మీ కండువా బయటపడిందని అర్థం, ఆ పేరా కొట్టేసి ఆ పిట్ట ఏం తింటుందో ఎక్కడ పడుకుంటుందో మళ్లీ అక్కడినుంచి మొదలుపెట్టండి.