బయటి క్లాక్ కొనేముందు ఒక రూపాయి బిళ్ళ తీసుకోండి

మా బావమరిది చిత్తూరు నుంచి బస్సులో ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. డిజిటల్ పాట ఏ వేగంతో నడవాలో బయటి నుంచి చెప్పే క్లాక్ అది. వెనక కేబుల్ తిప్పి బిగించే నాలుగు బీఎన్‌సీ సాకెట్లు, ముందు ఒక నీలం లైటు. "బావా, ఇది నీ డాక్‌కి తగిలించామంటే వీణ తీగ మీద వేలు కనపడుతుందంట" అన్నాడు. డాక్ అంటే సీడీలోనో కంప్యూటర్‌లోనో ఉన్న అంకెల్ని పాటగా మార్చే పరికరం. ఎంతకు కొన్నాడో మా చెల్లెమ్మకు ఇప్పటికీ తెలీదు.

తిరుపతి బైరాగిపట్టెడలో మా మేడమీది గదిలో ఆ రాత్రే తగిలించాం. నేను మైక్‌సెట్లు, యాంప్లిఫయర్లు బాగుచేసేవాణ్ణి. వైరు కనపడితే ఆగలేను. సీడీ వేశాం. వీణ వచ్చింది, దాంతోపాటు ఉండుండి సన్నగా 'టిక్' అని ఒక చప్పుడు కూడా వచ్చింది. "మీటు చప్పుడు కూడా ఎంత క్లియర్‌గా ఉందో చూడు" అని మావాడు మురిసిపోయాడు. రాగం ఆగి తంబుర ఒక్కటే మోగుతున్నప్పుడు కూడా టిక్ మంటుంటే అప్పుడు నోరు మూశాడు.

జరిగింది ఇదీ. డాక్ బయటి పెట్టె చెప్పినట్టు నడుస్తోంది. సీడీ ప్లేయర్‌కి క్లాక్ ఇన్‌పుట్టే లేదు కాబట్టి అది తన సొంత క్రిస్టల్ (వేగం లెక్కపెట్టే చిన్న భాగం) ప్రకారం నడుస్తోంది. సీడీలో సెకనుకు 44,100 శాంపిళ్ళు, అంటే శబ్దాన్ని కొలిచి రాసిన అంకెలు. రెండు క్రిస్టళ్ళ మధ్య పది లక్షల్లో 20 వంతుల తేడా ఉన్నా చాలు, దాదాపు సెకనుకొక శాంపిల్ ఎక్కువో తక్కువో అవుతుంది. ఆ ఇరుకులో పుట్టిందే టిక్.

అందుకే ముందు మీ ఇంట్లో పాట వేగాన్ని నడిపే తాళం ఏ పరికరం చేతిలో ఉందో చూసుకోండి. కంప్యూటర్ నుంచి యూఎస్‌బీలో వింటున్నారా? ఇప్పటి డాక్‌లు దాదాపు అన్నీ అసింక్రనస్ పద్ధతివి. డాక్ లోపలి క్రిస్టలే పెద్ద, డేటా ఎంత కావాలో అదే అడిగి తెప్పించుకుంటుంది. ఆప్టికల్‌లోనో కోయాక్సియల్‌లోనో అయితే పంపేవాడి తాళాన్ని డాక్ పట్టుకుని నడుస్తుంది. ఇక్కడ బయటి క్లాక్ పెట్టాలంటే ప్లేయర్‌కీ డాక్‌కీ రెండింటికీ క్లాక్ ఇన్‌పుట్ ఉండాలి. ప్లేయర్‌కి లేకపోతే మాకు జరిగిందే మీకూ జరగొచ్చు.

యూఎస్‌బీలో అయితే టిక్ రాదు, నిజమే. కానీ లాభం ఎక్కడుంది? 44.1 కిలోహెర్ట్జ్ పాటల కోసం 22.5792 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ చాలా డాక్‌లలో చిప్ పక్కనే కూర్చుని ఉంటుంది. దాన్ని కాదని మీటరు కేబుల్ అవతల ఉన్న పెట్టె నుంచి తాళం తెచ్చుకుంటే, ఆ తాళాన్ని పట్టుకోడానికి లోపల ఇంకో సర్క్యూట్ కావాలి. జిట్టర్ (తాళంలో వణుకు) తగ్గుతుందో లేదో దాని చేతిలో ఉంది, పెరిగినా పెరగొచ్చు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు.

రుబీడియం క్లాకులని ఇంకా ఖరీదైనవి ఉన్నాయి. నెలల తరబడి టైము తప్పవు. కచేరీ రెండు గంటలకు కచ్చితంగా ముగియడం వేరు, ప్రతి దెబ్బా తాళంలో పడడం వేరు. చెవికి కావాల్సింది రెండోది.

ఇంత చెప్పినా మావాడు ఒప్పుకోలేదు. సరే, పరీక్ష పెడదాం అన్నాను. మీరూ ఇలాగే చేయండి. కంప్యూటర్‌ని యూఎస్‌బీలో పెట్టి, అందరికీ బాగా తెలిసిన ఒక నిమిషం ముక్క ఎంచుకోండి. వాల్యూమ్ ముట్టుకోవద్దు, రెండు వేర్వేరు డాక్‌లు పోల్చేవాళ్ళయితే 100 హెర్ట్జ్ టోన్ వేసి స్పీకర్ టెర్మినళ్ళ దగ్గర మల్టీమీటర్‌తో ఓల్టేజ్ సమానం చేయండి. కాస్త గట్టిగా వినపడేదే బాగున్నట్టు అనిపిస్తుంది.

క్లాక్ మార్చే స్విచ్ మా ఆవిడకు అప్పగించాం. రూపాయి బిళ్ళ ఎగరేసి, బొమ్మ పడితే లోపలి క్లాక్, బొరుసు పడితే బయటిది. మాకు కనపడకుండా చీటీ మీద రాసుకోవాలి. ఒక చిక్కుంది: క్లాక్ మార్చినప్పుడల్లా మా డాక్‌లో రిలే (కరెంటుతో నడిచే స్విచ్) 'టక్' మంటుంది, మార్చకపోతే అనదు. అది విని ఎవడైనా చెప్పేస్తాడు. అందుకని ఏది పడినా ముందు అటు తిప్పి, ఇటు తిప్పి, ఆ తర్వాతే అసలు చోట పెట్టమన్నాను. అయినా టక్కులు రెండా మూడా అని లెక్కపెట్టే ఘనుడు మావాడు. అందుకని తిప్పేటప్పుడు ఆమె మమ్మల్ని గది బయటికి పంపేది.

పది సార్లు చేశాం. వాడు ఆరు సరిగ్గా చెప్పాడు, నేను ఐదు. ఆరు చూసి సంబరపడొద్దు, కళ్ళు మూసుకుని చెప్పినా అంత వస్తుంది. తొమ్మిదో పదో వస్తే నమ్మండి. గుడ్డిగా చెప్పి తొమ్మిదో పదో తెచ్చుకునే అవకాశం నూటికి ఒకటి. తొమ్మిది వస్తే కొనుక్కోండి, నేను అడ్డు రాను.

మరుసటి రోజు గోడకు రెండు బొంతలు వేలాడదీశాం, స్పీకర్లను గోడ నుంచి రెండడుగులు ముందుకు జరిపాం. మాది గ్రానైట్ నేల, ఖాళీ గోడలు. చప్పట్లు కొడితే గది ఖంగుమనేది. అది పోయింది. "ఏం మార్చారు?" అని మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది.

పెట్టె ఇప్పుడు రేణిగుంట రోడ్డులో మా మేనల్లుడి రికార్డింగ్ గదిలో ఉంది. వాడికి నిజంగానే పనికొచ్చింది. రెండు ఇంటర్‌ఫేసులు (మైకు శబ్దాన్ని కంప్యూటర్‌కి పంపే పెట్టెలు) కలిపి మృదంగానికి, పాటకు మైకులు పెడతాడు. రెండూ ఒకే క్లాక్ మీద నడవకపోతే అక్కడా టిక్కులే. 75 ఓం కేబులే వాడాలి, వరసలో చివరి పరికరంలో టెర్మినేషన్ (సిగ్నల్ వెనక్కి తిరిగి రాకుండా ఆపేది) ఆన్ చేయాలి. వాడు మొదటివారం అది మర్చిపోయి నాకు రాత్రి పదింటికి ఫోన్ చేశాడు.