రాక్ పాటకి సింఫనీ కట్టడం, 5వ పాఠం: ట్రంపెట్ 'సి' వేరు, గిటారు 'సి' వేరు

నాలుగో పాఠంలో ఒక రిఫ్ (పాటలో పదేపదే వచ్చే చిన్న స్వరాల వరస) ఇచ్చి, దాన్ని రెండు ట్రంపెట్లకీ రెండు క్లారినెట్లకీ నాలుగు వయొలిన్లకీ పంచి రాయమన్నాను. మీ రిహార్సల్ రికార్డింగులు విన్నాను. గిటారు, డ్రమ్స్, కీబోర్డు చక్కగా కుదిరాయి. బ్యాండు మేళం వాళ్లు ఊదడం మొదలుపెట్టేసరికి మాత్రం దాదాపు అందరి దగ్గరా పాట రెండు ముక్కలైంది. అందుకని ఇవాళ చెప్పాల్సిన డైనమిక్స్ (ఎక్కడ మెల్లగా, ఎక్కడ గట్టిగా వాయించాలన్నది) వచ్చే పాఠానికి జరుపుతున్నాను.

ఊదినవాళ్ల తప్పు ఇందులో ఏమీ లేదు. అమలాపురం నుంచి భీమవరం దాకా పెళ్లి ఊరేగింపుల్లో గంటల తరబడి నడుస్తూ ఊదే మనుషులు వాళ్లు. గాలికీ దమ్ముకీ లోటు లేదు. తప్పంతా మనం వాళ్ల చేతికిచ్చిన కాగితంలో ఉంది.

ట్రంపెట్, క్లారినెట్ రెండూ బి ఫ్లాట్ వాయిద్యాలు. అంటే కాగితం మీద 'సి' చూసి ఊదితే బయటికొచ్చేది బి ఫ్లాట్, హార్మోనియం లెక్కలో రెండు మెట్లు కింద. నల్ల మెట్టు, తెల్ల మెట్టు ప్రతిదీ ఒక మెట్టుగా లెక్కపెట్టండి. ఫ్లాట్ అంటే ఒక మెట్టు కింద, షార్ప్ అంటే ఒక మెట్టు పైన. వాయిద్యం రెండు మెట్లు దిగుతుంది కాబట్టి మనం రెండు మెట్లు ఎక్కించి రాయాలి. మనం అనుకున్న రిఫ్ ఇది:

ఇ – జి – ఎ – బి – ఎ – జి – డి – ఇ

ట్రంపెట్ కాగితం మీద ఇలా ఉండాలి:

ఎఫ్ షార్ప్ – ఎ – బి – సి షార్ప్ – బి – ఎ – ఇ – ఎఫ్ షార్ప్

ఆల్టో శాక్సోఫోన్ ఉంటే తొమ్మిది మెట్లు ఎక్కించాలి, అది ఇ ఫ్లాట్ వాయిద్యం. తొమ్మిది లెక్కపెట్టడం విసుగు. నేను మూడు మెట్లు దించి, దాన్ని ఒక స్థాయి పైన రాస్తాను. ఇ నుంచి మూడు దించితే సి షార్ప్, అదే పైస్థాయిలో. ఫ్రెంచ్ హార్న్‌కి ఏడు మెట్లు. అది మన వైపు దొరకడం కష్టం, దాని భాగం యుఫోనియానికి (చిన్న ట్యూబా లాంటి ఇత్తడి వాయిద్యం) ఇవ్వండి. యుఫోనియం వాయించేవారు ట్రెబుల్ క్లెఫ్ (గీతల మొదట్లో పైస్థాయి స్వరాలకి పెట్టే గుర్తు) చదివితే పద్నాలుగు మెట్లు ఎక్కించాలి, బేస్ క్లెఫ్ (కింది స్థాయి గుర్తు) చదివితే ఉన్నదున్నట్టు రాయాలి. ఏది చదువుతారో ముందే అడగండి.

ఇక అసలు ఉచ్చు. లెక్క అందరికీ వచ్చు, అయినా తప్పింది. ఎందుకంటే 'ఏ స్కేలు?' అన్న ప్రశ్నకి ఒకే గదిలో నలుగురు నాలుగు జవాబులు చెబుతారు, నలుగురూ నిజమే చెబుతారు. గిటారిస్టు 'ఇ' అంటాడు, కానీ తీగలన్నీ అర స్వరం, అంటే ఒక మెట్టు, దించి కట్టుకుని ఉంటాడు. జిమీ హెండ్రిక్స్ తరచూ అలాగే కట్టేవాడు, ఆయన పాటలు వాయించే ట్రిబ్యూట్ బ్యాండ్లూ అలాగే కడతాయి. అప్పుడు వినబడేది ఇ ఫ్లాట్. కీబోర్డు ఆయన 'సి' అంటారు, ట్రాన్స్‌పోజ్ బటన్ (నొక్కిన స్వరాన్ని అన్ని మెట్లు జరిపి పలికించేది) ప్లస్ నాలుగు మీద ఉంటుంది. వినబడేది ఇ. బ్యాండు మాస్టరు 'ఎఫ్ షార్ప్' అంటారు, అది ఆయన వేళ్ల పేరు. వయొలిన్ ఆవిడ 'మూడు శ్రుతి' అంటారు, అంటే ఇ. ఈ నాలుగింటిలో చెవికి వినబడేదాన్ని నేరుగా చెప్పింది ఆవిడ ఒక్కరే.

కాబట్టి మొదటి రిహార్సల్లో 'ఏ స్కేలు?' అని అడగకండి. ఫోనులో ట్యూనర్ యాప్ తెరిచి, ఒక్కొక్కరినీ పాట మొదటి స్వరం పలికించమనండి. యాప్ చూపిన పేరే పేరు. కాగితం పైన కుడి మూలలో 'వినబడేది: ఇ' అని రాయండి. దాని కింద 'రాసినది: ఎఫ్ షార్ప్, మార్చి రాశాం, మళ్లీ మార్చవద్దు' అని రాయండి. ఆ చివరి రెండు మాటలూ తప్పనిసరి. అనుభవం ఉన్న బ్యాండు మాస్టర్లు కీబోర్డు కాగితం చూసి అప్పటికప్పుడు రెండు మెట్లు ఎక్కించి ఊదడానికి అలవాటు పడి ఉంటారు. మీరు ముందే ఎక్కించి ఇస్తే ఆయన మంచికే మళ్లీ ఎక్కిస్తారు.

మీ రికార్డింగుల్లో మూడు రకాల తప్పులు వినిపించాయి. హార్మోనియం దగ్గర పెట్టుకుని, రిఫ్ మొదట్లో గిటారు ఇ మీద ఉండగా ట్రంపెట్ ఎక్కడుందో వెతకండి. డి దగ్గర ఉంటే కాగితం అసలు మార్చలేదు. ఎఫ్ షార్ప్ దగ్గర ఉంటే మీరూ మార్చారు, మాస్టరూ మార్చారు. సి దగ్గర ఉంటే మీరు ఎక్కించాల్సింది దించారు, వాయిద్యం ఇంకో రెండు దించింది. శాక్సోఫోన్ జి పలికితే దాని కాగితం మార్చలేదని అర్థం. చెవికి అన్నీ ఒకేలా 'అపశ్రుతి' గానే ఉంటాయి గానీ మందు ఒక్కోదానికి వేరు. డి పలికిన చోట మాస్టరుని నిందించి, ఎఫ్ షార్ప్ పలికిన చోట కాగితం మళ్లీ రాస్తే సాయంత్రం అంతా వృథా.

స్కేలు ఎంచుకునే స్వేచ్ఛ మీకుంటే, పాట మేజర్‌లో ఉన్నప్పుడు నేను ఇ ఫ్లాట్‌కే ఓటేస్తాను. ఇ మేజర్ అయితే ట్రంపెట్‌కి ఆరు షార్పులు, ఆల్టో శాక్స్‌కి ఏడు. ఇ ఫ్లాట్ అయితే ట్రంపెట్‌కి ఒక్క ఫ్లాట్, శాక్స్‌కి ఏమీ లేదు. గిటారు అర స్వరం దించితే చాలు. మైనర్ పాటకి ఈ సూత్రం పనికిరాదు. ఇ ఫ్లాట్ మైనర్ అంటే ట్రంపెట్ నాలుగు ఫ్లాట్లు చదవాలి. అక్కడ డి మైనర్ మేలు, ట్రంపెట్‌కి ఒకే షార్పు. మన రిఫ్ మైనర్‌దే అయినా ఇ లోనే ఉంచాను, మూడు షార్పులు మోయగలరు.

వయొలిన్ల సంగతి చెప్పకుండా వెళ్లలేను, ఎందుకంటే ఇక్కడ మనకున్న బలం పుస్తకాల్లో దొరకదు. పాశ్చాత్య వయొలిన్ కింది తీగ నుంచి జి-డి-ఎ-ఇ. మన వయొలిన్ స-ప-స-ప. షడ్జమం మూడు శ్రుతికి పెడితే తీగలు ఇ-బి-ఇ-బి. రాక్ గిటారు మీద పవర్ కార్డ్ అంటే ఏమిటి? స, ప, అంతే. మన వయొలిన్ మీద వేలు పెట్టకుండా పక్కపక్క రెండు తీగల మీద కమాను లాగితే ఆ పవర్ కార్డే పలుకుతుంది. నలుగురూ ఒకేసారి లాగితే గిటారు వెనక గోడ కట్టినట్టు ఉంటుంది. కొందరు వయొలిన్లని జి-డి-ఎ-ఇ కి బిగించమన్నారట. వద్దు. ఏళ్ల తరబడి స-ప-స-ప మీద నడిచిన వేళ్లకి అది కొత్త వాయిద్యం అయిపోతుంది, చేతిలో ఉన్న బలమూ పోతుంది.

వాళ్లకి స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల పాశ్చాత్య స్వరలిపి) ఇవ్వకండి, స్వరాల్లో రాయండి: స గ మ ప మ గ ని స. నిషాదం కింద మంద్ర చుక్క పెట్టండి. స్కేలు మారినా ఈ కాగితం మారదు, షడ్జమం మార్చుకుంటే చాలు. ఇ ఫ్లాట్‌కి రెండున్నర, డికి రెండు.

ఒక్క జాగ్రత్త. ఈ స్వరాలు చూడగానే వాళ్ల చెవిలో శుద్ధ ధన్యాసి రాగం మోగుతుంది. సాధారణ గాంధారం, కైశికి నిషాదం గమకంతో ఊగుతాయి. కచేరీలో అది అందం. ఇక్కడ గిటారు అదే గాంధారాన్ని కదలకుండా పట్టి ఉంటుంది కాబట్టి రెండూ రాపాడతాయి. ప్రతి వరస మీదా 'గమకం లేకుండా, సాదాగా' అని రాయండి. పాటలో ఒక చోట, గిటారు ఆగిన నాలుగు బార్లలో (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం లాంటిది), గమకం వాళ్ల ఇష్టానికి వదిలేయండి. ఆ నాలుగు బార్లే శ్రోతలకి గుర్తుంటాయి.

వయోలాలు, చెల్లోలు లేవని దిగులు పడకండి. 1966లో బీటిల్స్ ఒక పాటకి వాడిన తీగ వాయిద్యాలు మొత్తం ఎనిమిదే: నాలుగు వయొలిన్లు, రెండు వయోలాలు, రెండు చెల్లోలు. చెల్లో భాగం కీబోర్డుకి ఇవ్వండి. చర్చిలో వాయించి నోట్స్ చదవడం వచ్చినవాళ్లు మన ఊళ్లలో దొరుకుతారు. ట్రాన్స్‌పోజ్ బటన్ సున్నా మీద పెట్టించడం మాత్రం మీ బాధ్యత.

శ్రుతి చేసేటప్పుడు అందరూ కీబోర్డుకే కలపాలి, పాత హార్మోనియానికి కాదు. దాని 'ఎ' స్వరం ప్రమాణమైన 440 హెర్ట్జ్ దగ్గర ఉండకపోవచ్చు. ఆరుబయట పందిరిలో అయితే వేడికి ఊదే వాయిద్యాలు పైకి పోతాయి, తీగలు కిందికి జారతాయి. కాబట్టి వేదిక మీదే, లైట్లు వెలిగాక అరగంట ఆగి మళ్లీ కలపండి.

కాగితాలన్నీ ఫోటో తీసి రెండు చోట్ల దాచండి. 1969 సెప్టెంబర్ 24న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో డీప్ పర్పుల్ రాక్ బ్యాండు, రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా కలిసి వాయించిన కాన్చెర్టో (ఆ బ్యాండు కీబోర్డు వాద్యకారుడు జాన్ లార్డ్ కట్టినది) స్కోరు మరుసటి ఏడాదే పోయింది. 1999లో మళ్లీ వాయించడానికి రికార్డింగు విని స్వరం స్వరం తిరిగి రాయాల్సి వచ్చింది.

అభ్యాసం: పై రిఫ్‌ని ఎనిమిది బార్లకి పెంచండి. బి ఫ్లాట్ ట్రంపెట్‌కి, ఆల్టో శాక్స్‌కి, ట్రెబుల్ క్లెఫ్ యుఫోనియానికి ఇ మైనర్‌లో, డి మైనర్‌లో, సి మైనర్‌లో రాయండి, మొత్తం తొమ్మిది కాగితాలు. వయొలిన్‌కి ఒక్కటి. తర్వాత ప్రతి కాగితాన్నీ వాయిద్యం లేకుండా హార్మోనియం మీద, అది దించే మెట్లు మీరే దించుకుంటూ వాయించండి. తొమ్మిదీ ఇ, డి, సి స్కేళ్లలో ఒకే రిఫ్‌గా వినబడాలి. ఒక్కటి తేడా వచ్చినా పైన చెప్పిన డి, ఎఫ్ షార్ప్, సి పరీక్ష పెట్టి, తప్పు ఏ రకమో కాగితం వెనక రాసి పంపండి. ఆరో పాఠం వాటి నుంచే మొదలవుతుంది.