పిల్లలకు తల్లిపాలు ఎన్నాళ్లు ఇవ్వాలి, ఎలా మాన్పించాలి?

"పాలు ఎప్పుడు మాన్పించాలి?" అని అడిగే తల్లులు చాలాసార్లు రెండు ప్రశ్నలు కలిపి అడుగుతుంటారు. బిడ్డకు తిండి ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఒకటి, తల్లిపాలు ఎప్పుడు ఆపాలన్నది ఇంకొకటి. ఈ రెండింటికీ మధ్య ఏడాదిన్నర తేడా ఉండొచ్చు. కలిపేసుకుంటేనే టెన్షన్.

ముందు లెక్క. మొదటి 6 నెలలు తల్లిపాలు మాత్రమే చాలు. మంచినీళ్లు కూడా అక్కర్లేదు, ఆ పాలలో ఎక్కువ భాగం నీళ్లే. డాక్టర్ రాసిన చుక్కల మందు మాత్రం వేయాలి. 6 నెలలు నిండాక తిండి పెడుతూనే, 2 ఏళ్ల వరకు, ఇష్టమైతే ఆ తర్వాత కూడా పాలివ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏడాది దాటిన పాలలో సత్తువ ఉండదని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు, నమ్మకండి. రెండో ఏట కూడా బిడ్డకు కావలసిన శక్తిలో దాదాపు మూడో వంతు ఈ పాల నుంచే అందగలదు.

తిండి మొదలుపెట్టడం

పుట్టినప్పుడు బిడ్డ ఒంట్లో ఉన్న ఐరన్ నిల్వలు ఆరో నెలకల్లా తగ్గిపోతాయి. పాలలో ఉండే ఐరన్ కొంచెమే. అందుకే ఆ వయసులో తిండి మొదలుపెడతారు. మెడ నిలిచిందా, ఆసరా ఇస్తే కూర్చుంటోందా, చెంచా నోట్లో పెడితే నాలుకతో బయటికి నెట్టకుండా మింగుతోందా చూసుకోండి.

మొదట రెండు మూడు చెంచాలు చాలు. మెత్తగా ఉండాలి, కానీ చెంచా వంచితే నీళ్లలా జారిపోకూడదు. పల్చటి ద్రవంతో పొట్ట నిండుతుందే తప్ప బలం రాదు. కొత్త పదార్థాలు ఒక్కొక్కటిగా అలవాటు చేయండి. 8 నెలల వరకు రోజుకు రెండు మూడు సార్లు, 9 నెలల నుంచి మూడు నాలుగు సార్లు పెట్టాలి. ఏడాది లోపు తేనె వద్దు, నాలుకకు రాయడం కూడా వద్దు. దానివల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

పాలు మాన్పించడం

ఒక్కరోజులో ఆపేయాలనుకోకండి. బిడ్డకు బెంగ, మీకు రొమ్ములు రాయిలా గట్టిపడి నొప్పి. ముందుగా బిడ్డ పెద్దగా పట్టించుకోని ఒక పూట పాలు ఆపండి, సాధారణంగా అది మధ్యాహ్నం పూటే అవుతుంది. ఆ సమయానికి తిండో, ఆటో, బయట షికారో ఉండాలి. ఎప్పుడూ కూర్చుని పాలిచ్చే చోట ఆ వేళకు కూర్చోకండి, చూడగానే గుర్తొస్తుంది. కొన్ని రోజులు, వీలైతే వారం ఆగి ఇంకో పూట ఆపండి. పడుకునే ముందు ఇచ్చేది, రాత్రి లేచినప్పుడు ఇచ్చేది ఆఖరుకు ఉంచుకోండి. అర్ధరాత్రి ఏడ్చే బిడ్డతో పంతానికి పోయి గెలిచినవాళ్లు తక్కువ! ఆ పూట నాన్నో అమ్మమ్మో జోకొడితే పని కొంచెం తేలికవుతుంది.

పెద్దపిల్లల విషయంలో ఇంకో పద్ధతి ఉంది. మీ అంతట మీరు ఇవ్వొద్దు, అడిగితే కాదనొద్దు. నెలలు పట్టొచ్చు గానీ గొడవ ఉండదు.

ఏడాది లోపే ఆపాల్సి వస్తే ఆ స్థానంలో ఫార్ములా పాలు పట్టాలి. మామూలు పాలు తాగే పాలుగా ఇవ్వడం ఏడాది నిండాకే.

రొమ్ములు బిగిస్తే ఉపశమనం కలిగేంత వరకే కొద్దిగా పిండేయండి. పూర్తిగా ఖాళీ చేస్తే మళ్లీ అంత పాలూ ఊరతాయి. చల్లటి గుడ్డ వేసుకుంటే హాయిగా ఉంటుంది. ఒకచోట ఎర్రబడి, నొప్పితో జ్వరం వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి.

బిడ్డకు ఒంట్లో బాగోలేనప్పుడు, ఇల్లు మారినప్పుడు ఈ పని పెట్టుకోవద్దు. సగంలో ఉండగా జ్వరం వచ్చి బిడ్డ పాలకే వెంపర్లాడితే ఇచ్చేయండి. తగ్గాక మళ్లీ మధ్యాహ్నం పూట నుంచి మొదలుపెట్టొచ్చు.