ఇంటి వడ్రంగం పనికి మంచి గట్టి కలపను తక్కువ ఖర్చులో సంపాదించడం ఎలా?

ఆదివారాల్లో ఇంట్లోనే ఒక పీటో, పుస్తకాల అరో, పిల్లల చదువుబల్లో చేసుకోవాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. రంపం, ఉలి, చిత్రిక కొన్న తరువాత కలప అడితికి వెళ్ళి టేకు ధర అడిగేసరికి ఆ ఉత్సాహం సగానికి తగ్గిపోతుంది. విజయవాడ, గుంటూరు పరిసరాల్లో ఉండేవారు అలా వెనుదిరగవలసిన అవసరం లేదు. కలప చవకో ప్రియమో ఘనపుటడుగు ధర ఒక్కటే చూసి తేల్చుకోకూడదు. కొన్నదాంట్లో పుచ్చు, పగులు, బెరడు కింది మెత్తని తెల్లభాగం తీసివేయగా ఎంత ఆరిన చేవ, అంటే మాను నడిమి గట్టి కర్ర, మన చేతికి మిగులుతుందో చూసి తేల్చుకోవాలి. ఈ లెక్క పట్టుబడితే ఎక్కడ వెతకాలో దానంతటదే తెలుస్తుంది.

ముందుగా ఎంత కావాలో కాగితం మీద వేసుకోవాలి

కలపను ఘనపుటడుగుల్లో, అంటే సీఎఫ్‌టీల్లో అమ్ముతారు. పలక పొడవును అడుగుల్లోనూ, వెడల్పు, మందాలను అంగుళాల్లోనూ తీసుకొని, మూడింటినీ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. నాలుగు అడుగుల ఎత్తున్న చిన్న పుస్తకాల అరను ఉదాహరణగా తీసుకుందాం. పక్కలకు 4 అడుగుల పొడవు, 9 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం గల పలకలు రెండు, అడ్డానికి అదే వెడల్పు, మందంతో రెండున్నర అడుగుల పలకలు నాలుగు కావాలి. పక్కలకు 0.5, అడ్డాలకు 0.625, మొత్తం 1.125 ఘనపుటడుగులు. తరుగు కింద 30 శాతం కలుపుకుంటే దాదాపు ఒకటిన్నర అవుతుంది. మిల్లు నుంచి వచ్చిన అంగుళం పలకను రెండు వైపులా చిత్రిక పడితే సుమారు ముప్పావు అంగుళం మిగులుతుంది కాబట్టి, మందాన్ని ఎప్పుడూ చిత్రిక పట్టకముందు ఉన్న కొలతతోనే లెక్కించాలి.

ముక్కల పట్టికలో అతి పొడవైన ముక్క ఏదో గుర్తు పెట్టుకోవడం మరీ ముఖ్యం. పై అరలో నాలుగు అడుగులకు మించిన ముక్క ఒక్కటీ లేదు. ఎనిమిది, పది అడుగుల పలకలకే గిరాకీ ఉండే అడితిలో, ద్వారబంధాలకూ తలుపు రెక్కలకూ పనికిరాక పక్కన పడేసిన పొట్టి ముక్కలే మనకు సరిపోతాయి.

పాత పెంకుటిళ్ళ కలపను మొదట వెతకాలి

నా అనుభవంలో ఇంటి పనికి ఇంతకన్నా మంచి దారి లేదు. విజయవాడ సత్యనారాయణపురం, వన్ టౌన్ వీధుల్లోనూ, గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లోనూ పాత ఇళ్ళు పడగొట్టి అపార్టుమెంట్లు కట్టడం మనం చూస్తూనే ఉన్నాము. ఆ ఇళ్ళ దూలాల్లో, వాసాల్లో, గుమ్మాల్లో టేకు, మద్ది, వేగిస వంటి కర్ర ఉంటుంది. కోస్తా పట్టణాల్లో ఒకప్పుడు కట్టిన స్థితిమంతుల ఇళ్ళలో రంగూను నుంచి ఓడల్లో వచ్చిన బర్మా టేకు కూడా కనిపిస్తుంది. దశాబ్దాలుగా పైకప్పు కింద ఆరిన కర్ర కాబట్టి అది వంకర పోవలసినంత వంకర ఎప్పుడో పోయి ఉంటుంది. ఇంత ఆరిన చెక్క కొత్తగా కొనాలంటే ఎంత డబ్బు పెట్టినా సులభంగా దొరకదు.

ఇల్లు పడగొట్టే పనిని సాధారణంగా ఒక పాత సామాను వ్యాపారి గుత్తకు తీసుకుంటాడు. మంచి గుమ్మాలు, కిటికీలు, నిలువెత్తు స్తంభాలు అతని దగ్గర నుంచి వెంటనే వెళ్ళిపోతాయి. చివర్లు పుచ్చిన వాసాలు, ఒక పక్క చీలిన దూలాలు వంటచెరకు ధరకు దిగజారే దాకా మిగిలిపోతాయి. మనం అడగవలసింది వాటినే. 3 అంగుళాలు, 4 అంగుళాల కొలత గల ఎనిమిది అడుగుల వాసంలో గోడలో దిగి ఉన్న అడుగు, అడుగున్నర పుచ్చినా, మిగిలిన ఆరున్నర అడుగులు నిక్షేపంగా ఉండవచ్చు. వంటింటి పొగకు నల్లబారిన ఒక వాసాన్ని నేను తెచ్చుకొని, మసి గీకి, చిత్రిక పట్టినప్పుడు మొదటి రెండు పొరలూ బొగ్గుపొడిలా రాలాయి. మూడో పొర పొడుగ్గా చుట్ట చుట్టుకుంటూ తేనెరంగులో లేచింది. టేకు నూనె వాసన గదంతా నిండింది.

ఈ కలపలో దాగి ఉండే మేకులు రంపపు పళ్ళనూ చిత్రిక అలుగునూ ఒక్క దెబ్బకు పాడు చేస్తాయి. బలమైన అయస్కాంతాన్ని నాలుగు వైపులా నెమ్మదిగా జరుపుతూ, అది లాగిన ప్రతిచోటా సుద్దతో గుర్తు పెట్టి, మేకులన్నీ పీకిన తరువాతే కోతకు దించాలి. మిల్లువారు పాత కర్ర కోయడానికి వెనకాడేది కూడా మేకుల భయంతోనే. మేకులు తీశామని చూపిస్తే ఒప్పుకునేవారు ఉంటారు. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి, దానిని పొడి గరుకు కాగితంతో రుద్ది ఆ ధూళి పీల్చకూడదు.

కోత మిల్లు, అడితి, బాడీ షెడ్డు

పాత కలప దొరకనప్పుడు మిల్లుకు వెళ్ళాలి. గిరాకీ ఎక్కువగా ఉండే పొద్దుటి వేళ కాకుండా మధ్యాహ్నం తరువాత వెళ్ళి, ముక్కల పట్టిక మేస్త్రీ చేతికిచ్చి, "ఈ కొలతలకు సరిపోయే పొట్టి ముక్కలు ఉన్నాయా అండీ?" అని అడగడం మంచిది. "కలప ఎంత?" అని మొదలుపెట్టిన వారికి మొదట టేకు ధరే వినిపిస్తుంది. లారీలకు బాడీలు కట్టే విజయవాడ ఆటోనగర్ షెడ్లలో కూడా గట్టి కర్ర ముక్కలు మిగులుతుంటాయి. స్టూలు కాళ్ళకూ, పనిముట్ల పిడులకూ అవి చక్కగా సరిపోతాయి.

దుంగను కొని కోయించుకోవాలనుకునేవారు చుట్టుకొలత లెక్క తెలుసుకోవాలి. చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 144తో భాగిస్తారు. 48 అంగుళాల చుట్టుకొలత, 8 అడుగుల పొడవు గల దుంగ ఈ లెక్కకు 8 ఘనపుటడుగులు. దుంగ అసలు ఘనపరిమాణం పదికి కొంచెం పైనే ఉన్నా, పక్క పెచ్చులకూ రంపపు పొట్టుకూ పోయేది ఆ తేడాను మించుతుంది కాబట్టి, ఎనిమిది ఘనపుటడుగులకు డబ్బు కట్టి అన్ని ఘనపుటడుగుల పలకలూ వస్తాయని ఆశించకూడదు. కోత కూలి, ట్రాలీ ఆటో కిరాయి కూడా కలిపి చూస్తే, నలుగురు స్నేహితులు కలిసి కొంటే తప్ప దుంగ గిట్టుబాటు కాదు.

టేకును పక్కన పెట్టి ఆలోచించాలి

వేప మనకు దగ్గరలో దొరికే నమ్మకమైన కర్ర. దాని ఎర్రటి చేవను చెద అంత సులభంగా ముట్టదు. అరలకూ పెట్టెలకూ బాగుంటుంది. రోడ్ల పక్క పెరిగే దిరిసెనం చేవ ముదురు గోధుమరంగులో ఎంతో అందంగా ఉంటుంది. పొట్టు మాత్రం ముక్కును మండిస్తుంది కాబట్టి మాస్కు లేకుండా కోయకూడదు. నిద్రగన్నేరులో వెడల్పాటి పలకలు వస్తాయి, బల్ల పైభాగానికి ఒకే చెక్క కావాలనుకునేవారికి అది వరం. బండిచక్రాలకు వాడిన నల్లతుమ్మ బరువు, గట్టిదనం వేరు. దానికి అలుగు బాగా పదును పెట్టుకోవాలి. నూజివీడు వీణలకు వాడే పనస పసుపురంగులో మెరుస్తుంది, ఉలికి లొంగుతుంది. నూజివీడు, మైలవరం వైపు ముసలి తోటలు కొట్టినప్పుడు వచ్చే మామిడి వీటన్నిటికన్నా చవక. అయితే దానికి పుచ్చు త్వరగా పడుతుంది కనుక, కోసిన వెంటనే బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళు పట్టించి ఆరబెట్టాలి.

విత్తనం రెండు భాగాలుగా ఉండే వెడల్పాకు చెట్ల కలపనంతటినీ శాస్త్రంలో గట్టి కలప తరగతిలోనే చేరుస్తారు. కొండపల్లి బొమ్మలకు వాడే తేలికైన తెల్ల పొణికి కూడా ఆ తరగతిదే. కాబట్టి తరగతి పేరు విని మోసపోకుండా, గోరుతో నొక్కి, చేత్తో బరువు చూసి నిర్ణయించుకోవాలి. ఘనా టేకు, ఆఫ్రికన్ టేకు అన్న పేర్లతో వచ్చే కలప విషయంలోనూ ఇంతే. తోటల్లో పెంచి చిన్న వయసులో కొట్టిన దుంగల్లో తెల్లభాగం ఎక్కువ ఉంటుంది కనుక, పలక చివర చూసి చేవ ఎంత ఉందో కొలుచుకోవాలి.

డబ్బు కట్టే ముందు

పలకను కంటి ఎత్తుకు పెట్టి ఒక అంచు వెంబడి చూస్తే వంకర, మెలి తెలుస్తాయి. సన్నని రంధ్రాల నుంచి మెత్తటి పిండి రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉందని అర్థం, అది ఎంత చవకైనా వద్దు. తేమ పరీక్ష మరీ అవసరం. నేను ఒకసారి వానాకాలంలో, ఆరిందన్న మాట నమ్మి వేప పలకలు కొని, అతికించి అర చేశాను. ఉగాది నాటికి రెండు పలకల మధ్య రూపాయి బిళ్ళ దూరేంత సందు పడింది. కర్ర పొడవున దాదాపు కుంచించుకోదు, అడ్డంగానే కుంచించుకుంటుంది. పలకను రవాణా కోసం రెండుగా కోయించేటప్పుడు ఆ కోత దగ్గర చిన్న ముక్క అడిగి తీసుకొని, వంటింటి కాటాలో తూచి, ఓవెన్‌లో సన్నని వేడి మీద బరువు ఇక తగ్గని దాకా ఆరబెట్టాలి. 115 గ్రాముల ముక్క 100 గ్రాముల వద్ద నిలిస్తే తేమ 15 శాతం. సామానుకు 12 శాతం చుట్టుపక్కల ఉండాలి. ఆరిపోయిన కొసల ముక్కలతో ఈ పరీక్ష చేస్తే తప్పు లెక్క వస్తుంది.

కొన్నదానికి బిల్లు తీసుకోవాలి. 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ప్రకారం సొంత పెరట్లో చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి. కొన్ని జాతులకు తప్ప, కలప తరలింపుకు అటవీ శాఖ అనుమతి పత్రం ఉండాలి. ఎర్రచందనం ముక్క ఎవరు ఎంత చవకగా ఇస్తామన్నా తీసుకోకూడదు.

ఇంటికి తెచ్చిన తరువాత

పచ్చి పలకల కొసలకు అదే రోజు రంగో మైనమో పూయాలి, లేకపోతే తేమ అక్కడి నుంచే వేగంగా పోయి నెర్రలిస్తాయి. నీడలో, గాలి ఆడే వసారాలో, నేలకు అడుగు ఎత్తున, ఒక్కొక్క వరుస మధ్య అంగుళం మందం గల రేపర్ ముక్కలను (సన్నని కర్ర బద్దలను) రెండు అడుగులకొకటి చొప్పున, ఒకదాని మీద ఒకటి నిలువుగా వచ్చేలా పేర్చి, పైన బరువు పెట్టాలి. మే నెల ఎండలో డాబా మీద పడేస్తే వారంలో ఆరుతుందనుకోవడం పొరపాటు, వారంలో పగిలిపోతుంది. అంగుళం మందానికి ఏడాది అన్నది వడ్రంగుల పాత లెక్క. మధ్య వరుసలోని ఒక పలక మీద తేదీ, బరువు సుద్దతో రాసి నెలకొకసారి తూస్తూ ఉండండి. వరుసగా రెండు నెలలు ఒకే బరువు చూపిన తరువాత చిత్రిక పట్టడం మొదలుపెట్టవచ్చు.