గోలీ నుంచి క్యారమ్ దాకా: ఢీకొనడాన్ని లెక్క కట్టడం ఎలా?

రెండు గట్టి వస్తువులు గుద్దుకునే క్షణంలో ఏం జరిగిందో తవ్వకుండానే, ముందరి వేగాల నుంచి తర్వాతి వేగాలు రాబట్టొచ్చు. దానికి కావలసింది ప్రత్యావస్థాన గుణకం. విడిపోయే వేగాన్ని దగ్గరయ్యే వేగంతో భాగిస్తే వచ్చే సంఖ్య అది.

1. గుణకం కొలవండి. కరీంనగర్, వరంగల్ ఇళ్లలో గ్రానైట్ నేలకు కొదవ లేదు. ముందు బండను వేళ్లతో తట్టండి. కింద గుల్ల ఉంటే బోలుగా మోగుతుంది, బంతి తక్కువ లేస్తుంది; అలాంటి చోటు వద్దు. రబ్బరు బంతిని మీటరు ఎత్తు నుంచి వదలండి, తోయొద్దు. పక్కన ఫోన్‌లో రికార్డర్ నడవాలి. రికార్డింగ్‌ను ఆడాసిటీలో (కంప్యూటర్‌లో ధ్వనిని గీతగా చూపే సాఫ్ట్‌వేర్) తెరిస్తే ఒక్కో టక్ ఒక్కో మొనలా కనిపిస్తుంది. మొదటి రెండు మొనల మధ్య 0.72 సెకన్లు, రెండు, మూడో మొనల మధ్య 0.58 వస్తే గుణకం 0.58/0.72, అంటే సుమారు 0.8. టేపుతో ఎత్తు కొలిస్తే 100 సెం.మీ.కు 64 రావాలి (0.64 వర్గమూలం 0.8), కానీ బంతి పైకొసన ఆగే చోటు కంటికి చిక్కదు. పదిసార్లు వదిలి చూడండి. ఇది బంతి ఒక్కదాని గుణం కాదు, బంతీ బండా జంటది. అదే బంతికి మట్టి వాకిట్లో వేరే విలువ వస్తుంది.

2. ఎదురుగా గుద్దితే. 15 గ్రాముల స్ట్రైకర్ 2 మీ./సె. వేగంతో, కదలకుండా ఉన్న 5 గ్రాముల కాయిన్‌ను తాకింది, గుణకం 0.8 అనుకుందాం. రెండింటి మొత్తం ద్రవ్యవేగం (ద్రవ్యరాశి × వేగం) 15×2 = 30, అది మారదు. విడిపోయే వేగం 2×0.8 = 1.6. ఈ రెండు సమీకరణాలు సాధిస్తే స్ట్రైకర్‌కు 1.1, కాయిన్‌కు 2.7. గతిజశక్తి 30 మిల్లీజౌళ్ల నుంచి 27.3కు తగ్గింది. పెరిగినట్టు వస్తే ఎక్కడో ప్లస్, మైనస్ తారుమారైనట్టే.

3. పక్కగా గుద్దితే. తాకిన క్షణంలో రెండు కేంద్రాలను కలిపే గీత గీయండి. వేగాన్ని ఆ గీత వెంట, దానికి లంబంగా రెండు ముక్కలు చేయండి. గుణకం గీత వెంటి ముక్కకే వర్తిస్తుంది, లంబంగా ఉన్నది అలాగే ఉంటుంది. అంచుల రాపిడి, స్పిన్ ఇందులో లేవు.

4. కంప్యూటర్‌లో ఆడిస్తే. ప్రోగ్రామ్ కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా లెక్కిస్తుంది; 1/60 సెకను అడుగులో 2 మీ./సె. స్ట్రైకర్ 3.3 సెం.మీ. దూకుతుంది. తాకేటప్పుడు కేంద్రాల దూరం సుమారు 3.6 సెం.మీ.; ప్రోగ్రామ్ పసిగట్టేసరికి స్ట్రైకర్ కాయిన్‌లోకి చొచ్చుకుపోయి ఉంటుంది, గీత దిశ తప్పుతుంది. అడుగును 1/1000 సెకనుకు తగ్గించండి, లేదా తాకిన క్షణానికి వెనక్కి జరపండి. ఇప్పటికే విడిపోతున్న జంటకు సూత్రం మళ్లీ వేయొద్దు, వేస్తే రెండూ అతుక్కుని వణుకుతాయి.