మాంసం కొనడానికి వచ్చినవారు మొక్కల ప్రోటీన్ కూడా ఎంచుకునేలా అరలు సర్దడం ఎలా?

పప్పుధాన్యాలు, టోఫు (సోయా పాలతో చేసే, పనీర్‌లాంటి పదార్థం), సోయా ఉత్పత్తులు ఎక్కువగా అమ్ముడుపోవాలని చాలా సూపర్ మార్కెట్లు కోరుకుంటాయి. అందుకు చేసే పని మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఒక మూలన ఆకుపచ్చ బోర్డు కట్టి, అన్నింటినీ దాని కింద పేర్చి, నెల తిరిగేసరికి జనానికి ఇష్టం లేదని తేల్చేయడం. అరలు సర్దే పనిలో ఏళ్ల తరబడి ఉన్న నాకు ఈ తీర్పు వినడమంటేనే బాధ, ఎందుకంటే ఆ మూలకు వెళ్లేవారు అప్పటికే మాంసం మానేసినవారు. మనం ఒప్పించవలసినవారు ఆ వైపు అడుగే పెట్టరు.

ముందుగా గత 8 వారాల అమ్మకాల లెక్క, ఒక కొలత టేపు, అర అంచుకు అతికించే రంగు టేపు సిద్ధం చేసుకోండి. సరుకులు 5 లేదా 6 రకాలకు మించకూడదు. ఉడికించిన శనగల డబ్బా, ఉడికించిన బీన్స్, గట్టి టోఫు, త్వరగా ఉడికే పప్పు, సోయా ముక్కలు చాలు. రాత్రంతా నానబెట్టవలసిన గింజలను ఈ పనికి ఎంచుకోవద్దు.

ఇక అసలు కష్టమంతా చోటు దగ్గరే ఉంది. ఈ పూట ఏం వండాలన్న నిర్ణయం చాలామంది మాంసం అర ముందు నిలబడి తీసుకుంటారు కాబట్టి, టోఫు, సోయా ముక్కలు ఆ అరలోనే, నడుముకూ కంటికీ మధ్య ఎత్తులో కనబడాలి. 2021లో ప్రచురితమైన ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుల అధ్యయనంలో, బ్రిటన్‌లోని కొన్ని సూపర్ మార్కెట్లలో మాంసరహిత ఉత్పత్తులను మాంసం అరల్లోకి మార్చినప్పుడు వాటి అమ్మకం పెరిగింది, కానీ మాంసం అమ్మకం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. చోటు మార్చడంతోనే పని పూర్తయిందని అనుకునేవారు ఈ రెండో సగాన్ని గుర్తుంచుకోవాలి. ఏ మాంసంతో చేసే వంటకు బదులుగా ఏది వాడవచ్చో పక్కపక్కనే పెట్టి చూపించాలి. కూరకు కోసిన ముక్కల పక్కన గట్టి టోఫు, కీమా పక్కన సన్నని సోయా రవ్వ ఉంటే, కొనేవారికి వంట మారదు, ముడిసరుకే మారుతుంది.

ఇక్కడ తొందరపడకండి. పచ్చి మాంసం కింది అరలో మొక్కల ఉత్పత్తిని ఎన్నడూ పెట్టకూడదు. ఒక్క ప్యాకెట్ కారినా ఆ సరుకంతా పారేయవలసి వస్తుంది. రెండింటి మధ్య నిలువు అడ్డుపలక తప్పనిసరి. మాంసం వైపు రావడం ఇష్టంలేని శాకాహారుల కోసం పాత చోట కూడా కొంత సరుకు ఉంచాలి, లేకపోతే ఉన్న కొనుగోలుదారులనే పోగొట్టుకుంటాము. అన్నిటికంటే పెద్ద ప్రమాదం రాత్రి సరుకు నింపే వేళ వస్తుంది. ఒక దుకాణంలో నేను టోఫుకు 60 సెంటీమీటర్ల చోటు కొలిచి ఇచ్చి, మూడో రోజు వెళ్లి చూస్తే, చికెన్ పెట్టెల వెనుక రెండే ప్యాకెట్లు అడ్డంగా ఇరుక్కుని ఉన్నాయి. ఖాళీ కనబడితే నింపడం సిబ్బందికి అలవాటు కనుక, హద్దును రంగు టేపుతో గుర్తించి, సరుకు అయిపోయినా ఆ చోటు ఖాళీగానే ఉండాలని వారికి ముందే చెప్పాలి.

కొందరు ముందుగా తగ్గింపు ప్రకటిస్తారు. నేను దానితో ఎప్పుడూ మొదలుపెట్టను, ఎందుకంటే తగ్గింపు చూసి కొన్నవారు తరువాతి తగ్గింపు కోసమే ఎదురుచూస్తారు.

అరలో సరుకు దగ్గర పెట్టే చీటీ మీద ముందు రుచి, తరువాత వాడకం, చివర ప్రోటీన్ రాయండి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ భోజనశాలలో జరిపి 2017లో ప్రచురించిన పరిశోధనలో, అవే కూరగాయలకు నోరూరించే పేర్లు పెట్టినప్పుడు, మామూలు పేర్లు పెట్టినప్పటికంటే 25 శాతం ఎక్కువ మంది వాటిని ఎంచుకున్నారు. మాంసకృత్తులు అనే మాటను మాత్రం చీటీ మీద వాడవద్దు. పప్పు ప్యాకెట్ మీద మాంసం అన్న శబ్దం కనబడితే చదివేవారు తడబడతారు, ప్రోటీన్ అంటే అందరికీ తెలుస్తుంది. అంకె విషయంలో నిజాయితీ అవసరం. 100 గ్రాముల ఎండు పప్పులో సుమారు 24 గ్రాముల ప్రోటీన్ ఉన్నా, నీరు పీల్చుకుని ఉడికిన పప్పు 100 గ్రాములలో సుమారు 9 గ్రాములే ఉంటుంది. ఉడికిన శనగల డబ్బా దగ్గర ఎండు గింజల అంకె రాస్తే, వెనుక ముద్రించిన పట్టిక చదివినవారు మన చీటీని మళ్లీ నమ్మరు. సోయా పడనివారు ఉంటారు కాబట్టి ఆ హెచ్చరిక కూడా స్పష్టంగా కనబడాలి.

ఫలితాన్ని ప్యాకెట్లలో కాకుండా ప్రోటీన్ గ్రాములలో లెక్కించండి. 100 గ్రాములకు 12 గ్రాముల ప్రోటీన్ ఉన్న 400 గ్రాముల టోఫు ప్యాకెట్ అమ్మితే 48 గ్రాములు మొక్కల వైపు చేరినట్లు. మాంసానికీ అలాగే లెక్క కట్టి, మొత్తంలో మొక్కల వాటా ఎంతో వారం వారం రాసుకోండి. 8 వారాలు నిండే వరకు చోటు గానీ చీటీ గానీ మార్చకండి. మధ్యలో సరుకు రెండు రోజులకు మించి అయిపోతే ఆ వారాన్ని కొట్టివేసి, మరో వారం కలుపుకోండి.