ట్రస్టు ఆఫీసులో పాత కంప్యూటర్లు వదిలించుకోవడం ఎలా?

బెంగళూరులో మా ట్రస్టు లెక్కలు చూసేది నేనే, కాబట్టి పాత సామాను తీయించే పనీ నా నెత్తినే పడింది. ముందు స్టాక్ రిజిస్టర్ తీసి, ఏ మెషీన్ ఏ దాత డబ్బుతో కొన్నదో చూడండి. ఒప్పందంలో అనుమతి కావాలని ఉంటే ఉత్తరం రాయాల్సిందే.

అసలు టెన్షన్ హార్డ్ డిస్క్‌తోనే. పిల్లల ఆధార్ కాపీలు, దాతల పాన్ నంబర్లు అన్నీ అందులోనే ఉంటాయి. డిలీట్ కొట్టినా, క్విక్ ఫార్మాట్ చేసినా పోవు. డిస్క్ మొత్తం ఓవర్‌రైట్ చేసే, అంటే పాత డేటా మీద వేరే డేటా రాసేసే సాఫ్ట్‌వేర్ నడపండి. ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లేలు లేకుండా చిప్పుల్లో డేటా దాచే డిస్క్) అయితే తయారీ కంపెనీ ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ ప్రోగ్రామ్ వాడాలి. ఆన్ కాని హార్డ్ డిస్క్‌ని విప్పించి, లోపలి పళ్లేలకి డ్రిల్లుతో చిల్లులు పెట్టించండి.

పనిచేసేవాటికి ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ మార్కెట్లో ర్యామ్ వేయించి బడికి ఇవ్వొచ్చు. పెంటియం కాలం నాటివి మాత్రం అంటగట్టకండి, మన చెత్త వాళ్లకెందుకు? మిగతావి గుజరీవాడు కిలో లెక్కన అడిగినా ఇవ్వొద్దు. 2022 ఈ-వేస్ట్ నిబంధనల కింద రిజిస్టరైన రీసైక్లర్‌కే ఇచ్చి, సీరియల్ నంబర్లతో రసీదు తీసుకోండి. యూపీఎస్ బ్యాటరీల నిబంధనలు వేరు, వాటిని విడిగా తీసి పెట్టండి.